తీరప్రాంత ఉప్పుచిత్తళ్ల ఉపగ్రహ పటాలు: వర్గీకరణ పదజాలం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పోటుకు మునిగి పాటుకు తేలే తీరప్రాంతపు ఉప్పునేలలను అయిదు దశాబ్దాలుగా ఉపగ్రహాలు చిత్రిస్తున్నాయి. ఆ చిత్రాలను పటాలుగా మార్చే దశలో నేలకు ఏదో ఒక పేరు పెట్టక తప్పదు. ఆ పేరు ఎక్కడినుంచి వచ్చింది, దేన్ని చెబుతోంది, దేన్ని మరుగుపరుస్తోంది అన్నవి ఈ వ్యాసంలోని ప్రధానాంశాలు. జాతీయ చిత్తడినేలల అట్లాసు, భారత బంజరుభూముల అట్లాసుల వర్గీకరణ పదజాలాన్ని ఆంధ్ర తీరంలోని స్థానిక నేలపేర్ల పక్కన ఉంచి ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉప్పుచిత్తడి, ఉపగ్రహ చిత్రం, వర్గీకరణ, బంజరు, తంపర, బీల, పర్ర, మాండలిక పదసేకరణ.

1. ఉపోద్ఘాతం:

ఏ పటానికైనా ఒక మూల చిన్న పెట్టె ఉంటుంది. ఏ రంగు దేనికి గుర్తో అందులో రాసి ఉంటుంది. దానికి సూచిక అని పేరు. రంగులను వేరుచేసే పని యంత్రం చేయగలదు. వేరుచేసిన రంగుకు ‘బురద మైదానం’ అనో ‘బంజరు’ అనో పేరు పెట్టే పని మనిషిది. తెలుగు పరిశోధకులకు ఉపగ్రహ పటంతో పనేమిటని ఎవరైనా అడిగితే, ఆ పెట్టెను చూపించవచ్చు. పటంలో అచ్చంగా భాషకు సంబంధించిన భాగం అదే. పటం ఆధారంగా తీసుకునే నిర్ణయాలన్నీ ఆ భాగంమీదే నిలబడతాయి.

ఉప్పుచిత్తడి అంటే సముద్రపు పోటు తగిలే, చెట్లు నిలవని నేల. బురద మైదానానికి ఎగువన, మెరక భూమికి దిగువన, ఉప్పును తట్టుకునే గుల్మాలు, పొదలు, గడ్డి పెరిగే పట్టీ అది. బ్రిటన్‌లోనూ, అమెరికా అట్లాంటిక్ తీరంలోనూ దట్టమైన పచ్చిక మైదానంలా పరుచుకొని కనిపిస్తుంది. తెలుగు తీరంలో దాని రూపం వేరు. గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో మడచెట్ల వరుస వెనుక, పోటునీరు నెలలో కొన్ని రోజులే ఎక్కే చోట, నీరు ఆవిరై ఉప్పు పేరుకున్న నేలలో ఇలకూర వంటి కండగల ఆకుల మొక్కలు గుంపులుగా పెరుగుతాయి. వృక్షశాస్త్రం వీటిని సుయేడా, సాలికోర్నియా ప్రజాతులలో చేర్చింది. గుంపుకూ గుంపుకూ మధ్య బోసినేల, దానిమీద తెల్లటి ఉప్పుపొర. పులికాట్ సరస్సు అంచుల్లోనూ, శ్రీకాకుళం జిల్లా నౌపడా పరిసరాల్లోనూ ఇటువంటి నేలలున్నాయి. తెలియనివారి కంటికి అది ఎందుకూ పనికిరాని చోటు. పీతలకు, రొయ్య పిల్లలకు, వలసపక్షులకు అది మేతనేల.

‘ఉప్పుచిత్తడి’ అన్న మాట ఇంగ్లీషు పదానికి చేసుకున్న అనువాదం. వ్యవహారంలో ‘చిత్తడి’ అంటే వానకు నేల తడిసి కాళ్లకు అంటుకునే స్థితి. వాన వెలిస్తే ఆరిపోయేది, నడిచేవారికి చిరాకు కలిగించేది. ఏడాది పొడవునా సముద్రంతో ముడిపడిన ఒక నేలజాతికి ఆ మాటను పేరుగా పెట్టినప్పుడు, ఆ చిరాకు ఛాయ కూడా వెంట వచ్చింది. పత్రికల భాషలో ఈ పేరు కూడా అరుదే. తీరంలోని తడినేల ఏదైనా ‘మడ అడవి’ అయిపోతోంది, కాకపోతే ‘చిత్తడి నేల’ అన్న పెద్ద గంపలో పడిపోతోంది. వేరే పేరు స్థిరపడకపోతే వేరే లెక్క కూడా ఉండదని అటవీ నివేదికలు చూస్తే తెలుస్తుంది. భారత అటవీ సర్వే సంస్థ 1987 నుంచి మడ అడవుల విస్తీర్ణాన్ని దాదాపు రెండేళ్లకొకసారి ప్రకటిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 1987లో 495 చదరపు కిలోమీటర్లుగా చూపిన మడ అడవి 2021 నివేదికలో 405 చదరపు కిలోమీటర్లుగా ఉంది. నడుమ కెమెరాల సూక్ష్మత మారింది కాబట్టి ఈ రెండు అంకెలను నేరుగా తీసివేయడం తగదు. అయినా వాదించడానికి అంకె అంటూ ఒకటి ఉంది. అదే మడ వెనుకనున్న ఇలకూర నేలకు ఇటువంటి క్రమబద్ధమైన వరుస లేదు.

2. ఒకే కెమెరా, రెండు అట్లాసులు:

ఇస్రోకు చెందిన అహ్మదాబాదులోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ పర్యావరణ మంత్రిత్వశాఖ కోసం రూపొందించిన జాతీయ చిత్తడినేలల అట్లాసు 2011లో వెలువడింది. రిసోర్స్‌శాట్-1 ఉపగ్రహంలోని లిస్-3 కెమెరా 2006–07లో తీసిన చిత్రాలు దీనికి ఆధారం. పటం ప్రమాణం 1:50,000. దేశంలోని చిత్తడినేలలను ఈ అట్లాసు 19 వర్గాలుగా విభజించి, మొత్తం విస్తీర్ణాన్ని 1 కోటి 52.6 లక్షల హెక్టార్లుగా లెక్కకట్టింది. తీరంలో సహజమైనవి ఏడు వర్గాలు: ఉప్పునీటి సరస్సు, ఉప్పుటేరు, ఇసుక తీరం, బురద మైదానం, ఉప్పుచిత్తడి, మడ అడవి, పగడపు దిబ్బ. మానవనిర్మితాలు రెండు: ఉప్పుమడులు, రొయ్యల చెరువులు.

రెండో అట్లాసు హైదరాబాదు నుంచి వచ్చింది. అదే ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం, కేంద్ర భూవనరుల విభాగం కోసం బంజరుభూముల అట్లాసును తయారుచేస్తోంది. మొదటి సంపుటి 2000లోనూ, ఆ తర్వాత మరికొన్ని కూర్పులతో పాటు 2019లో మరొకటీ వెలువడ్డాయి. 2019 కూర్పు ప్రకారం 2015–16లో దేశంలోని బంజరు 5 కోట్ల 57.6 లక్షల హెక్టార్లు, అంటే మొత్తం భూభాగంలో 16.96 శాతం. ఇక్కడి వర్గాలలో ‘నీరు నిలిచే, బురద నేల – శాశ్వతం’, ‘నీరు నిలిచే, బురద నేల – తాత్కాలికం’, ‘లవణ, క్షార ప్రభావిత నేల’, ‘తీరపు ఇసుక’ అన్నవి ఉన్నాయి.

రెండు అట్లాసులకూ ఆధారం లిస్-3 చిత్రాలే. ప్రమాణం ఒకటే. మాతృసంస్థా ఒకటే. మొదటిదానిలో ఉప్పుచిత్తడి అనే వర్గం కాపాడవలసిన నేలల జాబితాలో ఉంది. రెండోదానిలో బురద, ఉప్పు, నీరు నిలవడం అనే లక్షణాలన్నీ లోపాలుగా, సరిదిద్దవలసిన జబ్బులుగా కనిపిస్తాయి. కొద్దిపాటి ప్రయత్నంతో పచ్చదనం కిందికి తేగలిగినదీ, ప్రస్తుతం తగినంతగా వినియోగంలో లేనిదీ బంజరు అని ఆ అట్లాసు అనుసరించే నిర్వచనపు సారం. దాన్నిబట్టి చూస్తే, ఇలకూర మొలిచిన ఉప్పునేలకు బంజరు వర్గంలో చోటు దొరకడానికి అడ్డంకి ఏదీ లేదు. రెండు శాఖల అవసరాలు వేరు కాబట్టి రెండు పట్టికలు వేరుగా ఉన్నాయన్న సమాధానం సరైనదే. అయితే పటం చేతికొచ్చిన పాఠకుడికి ఆ అవసరం కనిపించదు, అంకె కనిపిస్తుంది. ఉపగ్రహం చూసింది కాబట్టి నిజమన్న గౌరవం ఆ అంకెకు దక్కుతుంది. పేరు పెట్టినవారి ఉద్దేశం యంత్రం పేరుమీద చెలామణి కావడమే ఇక్కడ విమర్శించవలసిన అంశం.

చిత్తడినేలల అట్లాసు సూచిక కూడా ప్రశ్నకు అతీతం కాదు. దాని లెక్కలో దేశంలోని బురద మైదానాలు సుమారు 24 లక్షల హెక్టార్లు, ఉప్పుచిత్తళ్లు సుమారు 1.6 లక్షల హెక్టార్లు. దాదాపు పదిహేను రెట్ల తేడా. కచ్ తీరపు విశాలమైన మైదానాలున్నంతలో తేడా ఉండవలసిందే. కానీ ఈ రెండు వర్గాలకూ నడుమ హద్దు దేనిమీద ఆధారపడింది? మొక్క ఉందా లేదా అన్నదానిమీద. పలచగా, దూరదూరంగా, ఎండాకాలంలో వాడి మోడుబారి ఉండే మొక్కను ఆ కెమెరా ఎంతవరకు మొక్కగా గుర్తించగలదన్నది తర్వాతి ప్రశ్న. దానికి ముందు ‘బంజరు’ అన్న మాట చరిత్ర చూడవలసి ఉంది.

3. ‘బంజరు’ వెనుక రెవెన్యూ దస్త్రం:

‘బంజరు’ హిందూస్తానీ నుంచి వచ్చిన మాట, ‘పొరంబోకు’ తమిళం నుంచి వచ్చినది. రెండూ రెవెన్యూ కచేరీ దారినే తెలుగులో స్థిరపడ్డాయి. రైత్వారీ పద్ధతిలో నేల విలువ శిస్తుతో ముడిపడింది. శిస్తు కట్టినా సాగులేని నేల ‘ఎసెస్డ్ వేస్ట్’, శిస్తు కట్టని నేల ‘అనెసెస్డ్ వేస్ట్’. ఆంధ్రప్రదేశ్ అడంగల్ పుస్తకాల్లో ‘ఏ.డబ్ల్యు.డి.’, ‘యు.ఎ.డబ్ల్యు.’ అన్న పొడి అక్షరాలు ఈనాటికీ కనిపిస్తాయి. ఇంగ్లీషు ‘వేస్ట్’కు ఇక్కడ పాడైపోయినదన్న అర్థం లేదు. ఖజానాకు రాబడి లేనిదన్నదే అర్థం. తెలుగులో దాన్ని ‘బంజరు’ అనడంతో, రాబడి లేని నేలకు పంట పండని నేల అన్న ప్రకృతి లక్షణం అంటుకుంది. 1985లో జాతీయ బంజరుభూముల అభివృద్ధి బోర్డు ఏర్పడి, బంజరును గుర్తించి పచ్చగా మార్చడం ప్రభుత్వ లక్ష్యమైంది. అభివృద్ధి చేయాలంటే ముందు ఎక్కడుందో తెలియాలి. ఆ వెతుకులాటకు ఉపగ్రహం సాధనంగా దొరికింది. శిస్తు పుస్తకంలో పుట్టిన మాట ఈ విధంగా అంతరిక్ష పటం సూచికలోకి ప్రవేశించింది. దాని వయసు తెలిస్తే తప్ప, అది భౌతిక లక్షణాన్ని వర్ణించే శాస్త్రపదం కాదన్న సంగతి తెలియదు.

ఈ చర్చ మాటలకే పరిమితమైనది కాదని శ్రీకాకుళం జిల్లా అనుభవం చెబుతోంది. సోంపేట ప్రాంతంలో స్థానికులు ‘బీల’ అని పిలిచే విశాలమైన పల్లపు నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం తలపెట్టినప్పుడు రైతులు, మత్స్యకారులు ప్రతిఘటించారు. 2010 జూలై 14న జరిగిన పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడినేల అవునా కాదా అన్నదే వివాదానికి కేంద్రబిందువు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే జిల్లా కాకరాపల్లిలో, ‘తంపర’ అని పిలిచే నేలవిషయంలో మరో కాల్పుల ఘటన జరిగింది. సోంపేట బీల ప్రధానంగా మంచినీటి పల్లం. సాంకేతికంగా అది ఉప్పుచిత్తడి కాదు. కాకరాపల్లి తంపర నౌపడా ఉప్పునేలలను ఆనుకున్నది. పటంలో ఈ రెంటికీ వర్గాలు వేరు కావచ్చు. సంఘర్షణ మాత్రం ఒకే రకమైనది. పేరు తెలిసిన సమాజానికీ, పేరు పెట్టే అధికారమున్న కాగితానికీ నడుమ అది జరిగింది.

చట్టం కూడా చివరికి పటాన్నే ఆశ్రయిస్తుంది. 2011 నాటి తీరప్రాంత నియంత్రణ మండలి ప్రకటన మడ అడవులు, పగడపు దిబ్బలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లతో పాటు ఉప్పుచిత్తళ్లను కూడా అత్యంత సున్నితమైన మొదటి తరగతిలో చేర్చింది. 2019 ప్రకటనా దాన్ని కొనసాగించింది. 2017 నాటి చిత్తడినేలల నియమావళి మాత్రం తీరప్రాంత నియంత్రణ మండలి కిందికి వచ్చే ప్రాంతాలను తన పరిధినుంచి మినహాయించింది. అంటే తీరపు ఉప్పుచిత్తడికి మిగిలిన ప్రధాన కవచం తీరప్రాంత ప్రకటనే. అది వర్తించాలంటే తీరప్రాంత నిర్వహణ ప్రణాళిక పటంలో ఆ నేల ‘ఉప్పుచిత్తడి’ అన్న పేరుతోనే ఉండాలి. అక్కడ ‘బోసినేల’ అనో, ‘లవణ ప్రభావిత నేల’ అనో పడితే చట్టంలోని మాట దానికి తగలదు. రొయ్యల సాగుపై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న ఇచ్చిన తీర్పు మడ అడవులు, చిత్తడినేలలు, ఉప్పుమడుల భూములు, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చకూడదన్నది. ఆ తీర్పు అమలుకూ నేల పాత పేరేమిటన్నదే మొదటి ప్రశ్న.

మేలు తలచి చేసే పనుల్లోనూ ఇదే చిక్కు ఉంది. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీటిని లోపలికి రప్పించి మడమొక్కలు నాటే పద్ధతి 1990ల నుంచి గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో అమలైంది. కొట్టివేత వల్ల, నీటి రాకపోకలు తెగిపోవడం వల్ల ఎండిన మడను అది తిరిగి లేపగలిగింది. ఆ విజయాన్ని తక్కువ చేయనవసరం లేదు. అయితే చెట్టులేని ఉప్పునేల అంతా ఒకప్పటి మడ కాదు. అందులో కొంత ఎప్పుడూ ఇలకూర నేలే. 2023 జూన్ 5న కేంద్రం ప్రారంభించిన మిష్టీ పథకం వంటివి మడ విస్తీర్ణాన్ని పెంచాలని పూనుకున్నప్పుడు, పటంలో ‘ఖాళీ’గా కనిపించేది క్షీణించిన అడవా, సహజమైన ఉప్పుచిత్తడా అన్నది తేలాలి. పచ్చదనం పెరిగిందని ఉపగ్రహం చెప్పే ప్రతిచోటా ప్రకృతికి లాభం జరిగిందనుకోవడం తొందరపాటు.

4. ఉపగ్రహ చిత్రాన్ని చదవడంలోని చిక్కులు:

లిస్-3 చిత్రంలో ఒక్కో బిందువు భూమ్మీద 23.5 మీటర్ల చదరం. మన లెక్కలో సుమారు 13 సెంట్లు. ఆ 13 సెంట్లలో కొంత మొక్క, కొంత బురద, కొంత ఉప్పు, కొంత నీటి తడి ఉంటే, కెమెరా అన్నింటినీ కలిపి ఒక్క సగటు అంకెగా పంపుతుంది. యూరప్ అంతరిక్ష సంస్థ 2015లో ప్రయోగించిన సెంటినల్-2 ఉపగ్రహానికి బిందువు 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు. మన లిస్-4 కెమెరాకు 5.8 మీటర్లు, ఒక సెంటుకన్నా తక్కువ. చిత్తడినేలల అట్లాసులో 2.25 హెక్టార్లకు తక్కువైన నేలకు ఆకారం ఉండదు, చుక్క మాత్రమే ఉంటుంది. అయిదున్నర ఎకరాల ఇలకూర నేల ఒక ఊరి పశువులకూ పీతలు పట్టేవారికీ చిన్నదేమీ కాదు. కాగితంమీద అది మూడు మిల్లీమీటర్ల గడి.

రంగుల సంగతి మరింత విచిత్రం. పచ్చని ఆకు పరారుణ సమీప కిరణాలను బలంగా వెనక్కి పంపుతుంది. ఆ కిరణాలకు పటంలో ఎరుపు కేటాయించడం ఆనవాయితీ. అందుచేత ‘మిథ్యావర్ణ’ చిత్రంలో మడ అడవి నెత్తురెరుపుగా మెరుస్తుంది. ఉప్పు ముదిరినప్పుడు సుయేడా మొక్క నిజంగానే ఎర్రబారుతుంది. ఆ సహజమైన ఎరుపుకు చిత్రంలో విలువ లేదు. ఆకులో పత్రహరితం తగ్గింది, మొక్క పలచన, చుట్టూ తడి బురద. పచ్చదనాన్ని కొలిచే సూచిక అంకె పడిపోతుంది, యంత్రం దాన్ని బోసినేల పక్కన చేరుస్తుంది. అట్లాంటిక్ పచ్చిక మైదానాలకు చక్కగా సరిపోయే కొలమానం తెలుగు తీరపు ఉప్పుచిత్తడిని సరిగా పట్టుకోలేకపోవడానికి ఇదొక ముఖ్యకారణం.

కాలం మరొక సమస్య. ఈ ఉపగ్రహాలు సూర్యానువర్తన కక్ష్యలో తిరుగుతాయి. ఏ చోటి మీదికైనా స్థానిక కాలమానంలో ఉదయం పది, పదిన్నర ప్రాంతంలోనే వస్తాయి. సముద్రం గడియారం వేరు. పోటు రోజూ దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఒక చిత్రంలో నీరుగా కనిపించిన నేల మరొక చిత్రంలో బురదగా కనిపిస్తుంది. రెండు చిత్రాలనే పక్కపక్కన పెట్టి నేల తరిగిందనో పెరిగిందనో ప్రకటించే అధ్యయనం, నిజానికి రెండు వేర్వేరు ఘడియల సముద్రాన్ని పోల్చి ఉండవచ్చు. ఏ తేదీన, పోటు ఏ స్థితిలో ఉండగా తీసిన చిత్రమో చెప్పని తీరప్రాంత పటాన్ని అనుమానించి చదవడం మంచిది. పాఠాంతరాలను చెప్పని పరిష్కృత ప్రతిని సాహిత్య పరిశోధకులు ఎలా చదువుతారో అలా.

దీనికి తోడు మబ్బు. ఆంధ్ర తీరానికి, ముఖ్యంగా దక్షిణ భాగానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలు ముఖ్యం. నేల నిండా నీరుండి మొక్కలు తిప్పుకొనే కాలం అదే. మామూలు కెమెరాకు మబ్బు అడ్డుపడేదీ అప్పుడే. మబ్బులేని శుభ్రమైన చిత్రాలు విస్తారంగా దొరికేది జనవరి తర్వాత. వేసవి ముదిరేకొద్దీ నేల పగులుబారి తెల్లబడుతుంది. చిత్రం ఎంత తేటగా ఉంటే నేల అంత బంజరుగా కనిపించే కాలమది. ఈ లోపాన్ని గుర్తించే చిత్తడినేలల అట్లాసు వానలకు ముందు, వానల తర్వాత అని రెండు కాలాల చిత్రాలు తీసుకుంది. అది మెచ్చదగిన జాగ్రత్త. మబ్బును చీల్చుకొని చూసే రాడార్ ఉపగ్రహాలు ఈ కొరతను మరికొంత తీరుస్తాయి. యూరప్ సెంటినల్-1 2014 నుంచి ఆ పని చేస్తోంది. ఇస్రో, నాసా కలిసి నిర్మించిన నైసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరి, పన్నెండు రోజులకొకసారి అదే చోటును చూసే కక్ష్యలో చేరింది. శ్రీహరికోట దీవికి ఒక పక్క బంగాళాఖాతం, మరో పక్క పులికాట్ ఉప్పునీరు. ప్రపంచపు చిత్తడినేలలను చూడబోయే యంత్రాలు ఒక ఉప్పునేల ఒడ్డునుంచే బయలుదేరుతున్నాయి.

ఒక్క చిత్రాన్ని నమ్మకుండా వరుసను చదివే పద్ధతి ఈ రంగంలో వచ్చిన పెద్ద మార్పు. నికొలస్ మర్రే బృందం 2019లో ప్రకటించిన పరిశోధన 1984–2016 మధ్యకాలపు 7,07,528 లాండ్‌శాట్ చిత్రాలను కలిపి చదివింది. అన్ని చిత్రాల్లో పోటూ ఉంటుంది, పాటూ ఉంటుంది. కాబట్టి ఎప్పుడూ నీరైనదేది, ఎప్పుడూ నేలైనదేది, రెండూ అయ్యేది ఏది అన్నది తేలుతుంది. 2016 నాటికి ప్రపంచంలోని బురద మైదానాలు కనీసం 1,27,921 చదరపు కిలోమీటర్లని ఆ బృందం లెక్కించింది.

ఉప్పుచిత్తళ్ల ప్రపంచ లెక్క మాత్రం విమర్శకులకు మంచి పాఠం. 2017లో మెకోవెన్ బృందం అప్పటివరకు వివిధ దేశాలు వేసిన పటాలను పోగుచేసి 43 దేశాల్లో, ప్రాంతాల్లో సుమారు 54,951 చదరపు కిలోమీటర్లని చెప్పింది. 2024లో వర్దింగ్టన్ బృందం సెంటినల్ చిత్రాలను ఒకే పద్ధతిలో చదివి 120 దేశాల్లో, ప్రాంతాల్లో సుమారు 52,880 చదరపు కిలోమీటర్లని తేల్చింది. మొత్తాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి, దేశాల సంఖ్య దాదాపు మూడింతలైంది. రెండో అధ్యయనం ఉత్తర, దక్షిణ అరవై డిగ్రీల అక్షాంశాల నడుమకే పరిమితం కాబట్టి తూచి పోల్చాలి. అయినా ఒక సంగతి స్పష్టం. పటం వేయించుకోలేని దేశాల్లో ఉప్పుచిత్తడి లేనట్టుగానే మొదటి లెక్క కనిపించేది. లేకపోవడం, లెక్కలోకి రాకపోవడం ఒకటి కావు.

ఉపగ్రహం అతి సులభంగా పట్టుకునేది రొయ్యల చెరువును. చతురస్రపు గట్లు, నిలిచిన నీరు, సరళరేఖలు. ఏ సంవత్సరం ఏ ఊళ్లో ఎన్ని చెరువులు తవ్వారో చాలా నమ్మకంగా చెప్పవచ్చు. అంతకుముందు ఆ చోట ఉన్నదేమిటో చెప్పవలసివచ్చినప్పుడు ఆ నమ్మకం సడలుతుంది. ఉప్పునేలను ఆక్రమించినదాని లెక్క తేలికగా దొరుకుతూ, పోయినదాని లెక్క దొరకకపోవడం వల్ల ‘ఖాళీ నేల’ వినియోగంలోకి వచ్చిందన్న కథనానికి పటం సాక్ష్యంగా నిలుస్తోంది.

5. తంపర, బీల, పర్ర:

వర్గీకరణ లోపాన్ని పరికరాల మెరుగుదలతోనే దిద్దడం సాధ్యం కాదు. ఉపగ్రహ చిత్రాన్ని యంత్రానికి నేర్పేటప్పుడు నేలమీద కొన్ని చోట్లకు వెళ్లి ‘ఇది ఫలానా’ అని నిర్ధారించుకోవడం తప్పనిసరి. దీన్ని క్షేత్ర నిర్ధారణ అనవచ్చు. ఆ సమయంలో పరిశోధకులు తమవెంట తీసుకువెళ్లేది సూచికలోని పేర్లను. అక్కడ అప్పటికే ఉన్న పేర్లను అడిగే గడి నమూనా పత్రాల్లో సాధారణంగా ఉండదు.

ఆ పేర్లు తక్కువేమీ కావు. శ్రీకాకుళంలో తంపర, బీల. గుంటూరు, ప్రకాశం తీరాల్లో పర్ర. అన్నిచోట్లా చౌడు, చవిటినేల, ఉప్పుటేరు. ఈ మాటలను పర్యాయపదాలుగా భావించి నిఘంటువు ఒక్క ఆరోపంలో కలిపేస్తే నష్టం జరుగుతుంది. ‘చౌడు’ మట్టి గుణాన్ని చెబుతుంది, నీటి సంగతి చెప్పదు. ‘ఉప్పుటేరు’ నీటి దారిని చెబుతుంది. కొల్లేటిని సముద్రంతో కలిపే ఏటికి ఆ జాతివాచకమే సొంతపేరైంది. ‘బీల’, ‘తంపర’ నీరు చేరే పల్లపు స్వభావాన్ని, దానిమీద ఆధారపడిన పశువుల మేత, చేపల వేట, వరిసాగులను కలిపి సూచిస్తాయి. అట్లాసు భాషలో ‘శాశ్వతం’, ‘తాత్కాలికం’ అని రెండుగా తెగిపోయే కాలం ఈ మాటల్లో తెగిపోకుండా ఉంది. ఒకే నేల కొన్ని నెలలు చెరువు, కొన్ని నెలలు బీడు, మరికొన్ని నెలలు పొలం కావడం అక్కడివారికి వింత కాదు కాబట్టి, ఆ మూడింటికీ ఒకే పేరు.

స్థానిక పదమల్లా శాస్త్రంకన్నా గొప్పదన్న ఆరాధన కూడా పనికిరాదు. ‘పర్ర’ ఒక ఊళ్లో ఉప్పునేల, మరొక ఊళ్లో ఊరి బయటి మైదానం కావచ్చు. మాట వాడే హద్దు తెలియకుండా దాన్ని పటంలోకి ఎక్కిస్తే ‘బంజరు’ చేసిన పొరపాటే మరో రూపంలో జరుగుతుంది. అందుకే ఈ పదాలకు కావలసింది మాండలిక భాషాశాస్త్రపు క్రమశిక్షణ. దానికి తెలుగులో గట్టి పూర్వరంగం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటి వ్యవసాయ పదాలను ప్రాంతాలవారీగా సేకరించి, ఏ మాట ఎక్కడ వాడుకలో ఉందో తేల్చింది. మొదటి లాండ్‌శాట్ ఎగరడానికి అది పదేళ్ల ముందు మాట. ఒక మాట వ్యాపించిన మేరకు గీత గీయడం మాండలిక పటం పని, ఒక కాంతి గుణం వ్యాపించిన మేరకు గీత గీయడం ఉపగ్రహ పటం పని. ఈ రెండు రకాల గీతలను ఒకదానిమీద ఒకటి పరిచి చూసే పరిశోధనకు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో తగినంత చోటు ఉంది.

అటువంటి సేకరణకు కావలసిన పరికరం చేతిఫోను. మాట చెప్పినవారు నిలబడి చూపించిన చోటు అక్షాంశ రేఖాంశాలు, ఆ తేదీ, ఆనాటి తిథి, అప్పుడు పోటా పాటా, నేలమీద నీరెంత, మొలిచిందేమిటి, అక్కడ ఎవరు ఏం పట్టుకుంటున్నారు, ఏం మేపుతున్నారు – ఇవి ఒక్కో పదానికి తోడుగా నమోదు కావాలి. తిథి రాయడం అలంకారం కోసం కాదు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు పెద్దది, అష్టమి ప్రాంతంలో చిన్నది. తీరపు మత్స్యకారులు పోటును లెక్కించేది తిథితోనే. ఉపగ్రహ చిత్రం తేదీ పక్కన ఆ తిథిని రాసుకుంటే చిత్రంలోని నీరు పెద్ద పోటు నీరా, నిలవ నీరా అన్నది చాలావరకు తేలుతుంది. అదే చోటికి భాద్రపదంలో ఒకసారి, మార్గశిరంలో ఒకసారి, వైశాఖంలో ఒకసారి వెళ్లి అడిగినప్పుడు పేరు మారిందా, అదే పేరు నిలిచిందా అన్నది కూడా చూడాలి. తీరప్రాంత నిర్వహణ ప్రణాళికల్లో స్థానిక స్థాయి పటాలను 1:3,960 వంటి గ్రామ సర్వే ప్రమాణంలో తయారుచేయాలని 2011 ప్రకటన చెప్పింది. ఆ ప్రమాణంలో ఒక మిల్లీమీటరు నాలుగు మీటర్లకన్నా తక్కువ. పర్ర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఊరివారు చూపిస్తే గీసుకోవడానికి ఆ కాగితంమీద చోటు సరిపోతుంది.